మూడు మజ్జిగ రొట్టెలు

మా పిన్ని కూతురు డోషా ఈ మార్చిలో పోయింది. అంత్యక్రియల రోజు చర్చిలో పంచే చిన్న పుస్తకంలో దాని జీవితం గురించి ఒక పేజీ ఉండాలని పాస్టరు గారి భార్య తిన్నగా నా దగ్గరికే వచ్చింది. ఒకే కంచంలో తిని పెరిగినవాళ్లు, నీకంటే ఎవరికి తెలుసు ఓజెల్లా అంది. రాశాను. పుట్టిన తేదీ, బాప్తిస్మం పొందిన ఏడాది, ఇరవై రెండేళ్లు స్కూలు బస్సు నడిపిన సంగతి, ముగ్గురు పిల్లల పేర్లు. మధ్యలో ఒక వాక్యం, "1966 వేసవిలో హాలోవే సరస్సు పిల్లల శిబిరంలో ఈత నేర్పింది" అని. ఆ వాక్యం దగ్గర అరగంట కలం పట్టుకుని కూర్చున్నాను. చివరికి దాన్ని అలాగే వదిలేశాను. చదివినవాళ్లందరూ బాగా రాశావన్నారు.

ఇప్పుడు వేసవి కూడా వెళ్లిపోయింది. ఆ వాక్యంలో మింగేసినదంతా ఇక్కడ కక్కుతున్నాను. ముందే చెబుతున్నాను, నేను డోషాని చూసి ఏడ్చినదాన్ని. ఏదో ఒకటి రెండుసార్లు కాదు, దాని పుట్టుక నుంచి చావు దాకా. శవపేటిక పక్కన నిలబడి కూడా, గుమ్మం బయటి దాకా నిండిన జనాన్ని చూసి, నా చావుకి ఇందులో సగం మందైనా వస్తారా అని బెంచీలు లెక్కవేసుకున్నాను. ఇలాంటి మనిషి రాస్తున్నదని తెలిసే చదవండి.

నాకూ దానికీ ఐదేళ్ల తేడా. మా రెండు కుటుంబాలూ ఒకే దొర పొలంలో పాలుకి పొగాకు వేసేవి. ఆకు కోసి, కర్రలకు కట్టి, బ్యారన్ కొట్టంలోకి ఎత్తి సెగకు ఆరబెట్టేదాకా పిల్లా పెద్దా అందరం అందులోనే. సాయంత్రానికి చేతులకు నల్లటి బంక పట్టేసి సబ్బుకు వదిలేది కాదు. నాకు మోచేతుల దాకా ఉండేది. డోషా చేతులు మాత్రం, అదేం మాయో, ఒక్కసారి కడిగితే తెల్లబడేవి. అది మా పిన్ని మొగుడి పోలిక, చామనఛాయ. నన్ను చూసిన ముసలమ్మలు పని మంచిదమ్మా అనేవాళ్లు. దాన్ని చూసి ఎంత ముద్దుగా ఉందో అనేవాళ్లు. ఆ వయసులోనే నా కడుపు మండటం మొదలైంది.

నాకంటూ ఒక్కటే ఉండేది. నీళ్లు. విల్లో బ్రాంచ్‌లో మన నల్లపిల్లల కోసం ఒక వేసవి శిబిరం ఉండేది. నాలుగు రేకుల పాకలు, ఒక వంటపాక, అడుగు కనపడని ఎర్రమట్టి చెరువు. పొగాకు పల్లెల పిల్లలు ఏడాదికి ఒక వారం అక్కడికొచ్చి పైరు గురించీ కోళ్ల గురించీ కుట్టుపని గురించీ నేర్చుకునేవాళ్లు. మధ్యాహ్నం ఈత. ఆ ఈత నేర్పేది నేను. మూతలు బిగించిన ఖాళీ పాకం డబ్బాలు నడుముకు కట్టి తేలించేదాన్ని. ఈత నేర్పే సర్టిఫికెట్ కోసం బస్సెక్కి మన నల్లవాళ్ల కాలేజీకి వెళ్లి రెండు వారాలు ఉన్నాను. మొదటిసారి తప్పాను. మళ్లీ ఏడాది మళ్లీ వెళ్లి తెచ్చుకున్నాను. ఏడు వేసవులు ఆ చెరువు గట్టు నాది. పిల్లలందరూ నన్ను "మిస్ ఓజెల్లా" అనేవాళ్లు. మా అమ్మ వయసు ఆడవాళ్లని కూడా తెల్లపిల్లలు ఉత్త పేరు పెట్టి పిలిచే ఊళ్లో, ఆ మిస్ అన్న మాట నాకు ఎంత తీపో చెప్పలేను.

డోషాకి ఈత నేర్పింది నేనే. దాని పదహారో ఏట, పాకం డబ్బాలు కట్టబోతే వద్దు అక్కా అంది. మూడో రోజుకల్లా చెరువు ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వెళ్లి వచ్చింది. నాకు రెండు వేసవులు పట్టిన పని అది. నీళ్లలోంచి లేచి నవ్వుతూ నా వైపు చూస్తే, శభాష్ అన్నాను గానీ లోపల పళ్లు కొరుక్కున్నాను. సర్టిఫికెట్టూ అంతే, మొదటిసారికే తెచ్చుకుంది.

అరవై ఆరులో రెండు శిబిరాలూ కలిపేశారు. తెల్లపిల్లలకో చోటు, మన పిల్లలకో చోటు ఇకమీదట కుదరదని పై నుంచి చట్టం దిగింది. కలపడమంటే ఏమిటో మాకు ఆ ఏప్రిల్‌లో తెలిసింది. మాది మూసేశారు. విల్లో బ్రాంచ్ గేటుకి గొలుసు వేసి, మా పడవలు రెండూ వేలం వేశారు. మన పిల్లలు ఇక హాలోవే సరస్సుకి వెళ్లాలి. అక్కడ చెక్కపలకల గదులు, వేడినీళ్లు, ఇసుక పోసిన ఒడ్డు, అడుగున గులకరాళ్లు కనిపించే నీళ్లు. అంత అందమైన చోటు అన్నేళ్లు మాకు ఇరవై మైళ్ల దూరంలోనే ఉందన్నమాట. మా పనివాళ్లలో ఇద్దరినే తీసుకుంటామన్నారు. ఒడ్డున ఈతకు ఒకరు, వంటింట్లో ఒకరు.

ఆ శిబిరం పెద్ద ట్రెడ్‌వే అని ఒకాయన. మనిషి చెడ్డవాడు కాదు, భయస్థుడు. ఎవరు ఏమంటారో అని రోజుకి పదిసార్లు గేటు వైపు చూసేవాడు. నన్నూ డోషానీ సరస్సు దగ్గరికి పిలిచి పరీక్ష పెట్టాడు. ఏళ్ల తరబడి నేను మావాళ్లందరికీ ఏం చెప్పానంటే, అది చామనఛాయ గనక, చూడ్డానికి తెల్లవాళ్ల కంటికి కాస్త ఓర్చుకోగలిగేలా ఉంటుంది గనక దాన్ని తీసుకున్నారని. అందరూ నమ్మారు, నమ్మడానికి ఆ ఊళ్లో కారణాలు కావలసినన్ని ఉన్నాయి. కానీ జరిగింది వేరు. ఇసుక నింపిన గోనెసంచి ఒకటి పన్నెండడుగుల లోతులో వేసి పైకి తెమ్మన్నారు. మా చెరువు ఆరడుగులు కూడా ఉండేది కాదు. నేను రెండుసార్లు మునిగి ఉత్తచేతులతో పైకొచ్చాను, చెవులు పగిలిపోతాయేమో అనిపించింది. డోషా ఒక్క మునకలో తెచ్చి ట్రెడ్‌వే బూట్ల పక్కన పెట్టింది.

విజిల్ దానికి వచ్చింది. నాకు వంటింటి ఏప్రన్ వచ్చింది.

అది కూడా సహించేదాన్నేమో. శిబిరంలో ఒక నియమం ఉండేది, ఒడ్డున నేర్పేవాళ్లని పిల్లలు మిస్ అనీ మిస్టర్ అనీ పిలవాలి. దాని గురించి తెల్లతండ్రులు కొందరు గొడవపడ్డారని విన్నాను. అయినా నియమం నియమమేనన్నారు. జూన్ మొదటి వారంలో తొమ్మిదేళ్ల తెల్లపిల్లలు, పొలం దొరల మనవరాళ్లు, "మిస్ డోషా, మిస్ డోషా" అంటూ దాని వెనక పరుగులు తీస్తుంటే వంటింటి వెనక తలుపులోంచి చూశాను. అదే పిల్లలు కంచాలు పట్టుకుని నా ముందుకొచ్చి "ఓజెల్లా, ఇంకో రొట్టె" అనేవాళ్లు. వంటింటికి ఆ నియమం లేదు. నా ఒళ్లు మండిపోయేది. దానికి నేర్పింది నేను. ఆ పేరు నాది.

డోషా చేసిన పనుల్లో మంచివి కూడా చెప్పాలి, లేకపోతే ఈ కథ అబద్ధమవుతుంది. మన ఆడపిల్లలు ఇంటి దగ్గర జుట్టు వేడి దువ్వెనతో సాపు చేయించుకుని వస్తారు. తడిస్తే మళ్లీ ఉంగరాలు తిరిగిపోతుంది. తెల్లపిల్లలు చూసి నవ్వుతారన్న భయంతో మొదటి రోజు మన పిల్లలొక్కరూ నీళ్లలో దిగలేదు. డోషా రెండో రోజు పొద్దున్నే వాళ్లందరినీ మెట్ల మీద వరసగా కూర్చోబెట్టి ఒక్కొక్కరికీ గట్టిగా జడలు వేసింది. తన జుట్టు కూడా అలాగే అల్లుకుంది. ఇది సరస్సుకి వెళ్లే జుట్టమ్మా, అమ్మ తిడితే నా పేరు చెప్పండి అంది. అందరూ దిగారు. ఏడేళ్లు మా చెరువు గట్టున ఉండి, గుడ్డ కట్టుకోండి అని గసరడమే తప్ప, ఆ ఆలోచన నాకు రాలేదు.

ఇంకొకటి జంటల పద్ధతి. ఇది మా విల్లో బ్రాంచ్‌లోనూ ఉండేదే. నీళ్లలోకి ఎవరూ ఒంటరిగా దిగకూడదు, ప్రతి పిల్లకీ ఒక జంట. ఒడ్డున చెక్కపలకకు మేకులు, మేకుకు ఒక బిళ్ల, బిళ్లకు ఒకవైపు తెలుపు, ఒకవైపు ఎరుపు. దిగేటప్పుడు ఎరుపు తిప్పాలి, పైకొచ్చాక తెలుపు. పది నిమిషాలకోసారి విజిల్ ఊదితే ఎక్కడివాళ్లు అక్కడ ఆగి, జంట చెయ్యి పట్టుకుని రెండు చేతులూ కలిపి పైకెత్తాలి. నేర్పే మనిషి లెక్కపెట్టి, పలక మీది ఎర్రబిళ్లలతో సరిచూస్తుంది. లెక్క తప్పితే మూడు విజిళ్లు. అంతే, పిల్ల మునిగిందని అర్థం.

డోషా జంటల్ని పొడుగు చూసి కట్టింది. ఒకే పొడుగున్న ఇద్దరు, రంగుతో పని లేదు. అంటే విజిల్ ఊదిన ప్రతిసారీ సరస్సు నిండా నల్లచెయ్యీ తెల్లచెయ్యీ పట్టుకుని పైకి లేచేవి. బడిలో పక్కపక్కన కూర్చోబెట్టడానికే చచ్చేంత గొడవైన కాలమది. ట్రెడ్‌వే దాన్ని పక్కకు పిలిచి చెప్పిన మాట వంటింటిదాకా వినిపించింది. ఆగస్టులో శిబిరం నడిపే బోర్డు కూర్చుంటుంది, పిల్లల్ని కలిపి ఉంచాలా, అసలు శిబిరమే మూసేయాలా అన్నది తేలుస్తుంది, ఈలోపు నీ ఒడ్డున ఒక్క పొరపాటు జరిగినా అది నీతో ఆగదు అన్నాడు. డోషా సరేనండీ అంది. జంటలు మాత్రం మార్చలేదు.

జూలై మూడో వారంలో వచ్చిన పిల్లల్లో వెర్నీస్ అనే తొమ్మిదేళ్లది ఉంది. మా చర్చి పెద్ద, డీకను గారి చిన్నకూతురు, సన్నగా, మాటకు ముందు తల వంచుకునే పిల్ల. దాని జంట ట్వైలా అనే తెల్లపిల్ల. ట్వైలా తండ్రి పట్నంలో ఎరువుల దుకాణం ఆసామి, బోర్డులో మనిషి కూడాను.

బుధవారం మధ్యాహ్నం నేను మర్నాటికి పిండి జల్లిస్తున్నాను. పొయ్యి మీంచి అప్పుడే దించిన మజ్జిగ రొట్టెలు బల్ల మీద ఉన్నాయి. వెనక తలుపు దగ్గర ఎవరో వెక్కుతున్నట్టు వినిపించి చూస్తే ట్వైలా, తడిబట్టలతో, ముక్కు చీదుకుంటూ. ఏమైందమ్మా అన్నాను. ఒడ్డున తన స్నేహితురాళ్లు నల్లపిల్ల చెయ్యి పట్టుకుందని ఏడిపిస్తున్నారట. వెర్నీస్ మునకేసి ఉండగా చెయ్యి వదిలించుకుని, రెల్లుపొద వెనక నుంచి పైకొచ్చేసిందట.

"నీ బిళ్ల తిప్పావా?" అన్నాను.

తిప్పలేదని తల అడ్డంగా ఊపింది. వెర్నీస్‌తో కూడా చెప్పలేదట.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. నాకు తెలియక జరిగిందని ఎవరైనా అనుకుంటే అది తప్పు. ఏడేళ్లు బిళ్లలు తిప్పించినదాన్ని. ఆ ఎర్రబిళ్లకి అర్థమేమిటో ఆ శిబిరంలో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. తలుపు తీసి ఒక్క కేక వేస్తే చాలు. నేను రొట్టెను రెండు పొరలుగా విప్పి వెన్న రాసి, పాకం పోసి, పిల్ల చేతికిచ్చాను. లెక్క తప్పితే డోషా ఏం చేస్తుందో చూద్దాం అనుకున్నాను. ఒక్క నిమిషం కంగారు పడనీ. మిస్ డోషాకి కూడా చెమటలు పడతాయని ఆ పిల్లలంతా చూడనీ. అంతే అనుకున్నాను.

విజిల్ వినిపించింది. కిటికీలోంచి చూస్తే చేతులు జంటలుగా లేచాయి. డోషా వేలు ఒక్కొక్కరి మీదుగా వెళ్లి, మధ్యలో ఆగింది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. ట్వైలా ఇంకోటి కావాలంది. ఇచ్చాను.

మూడు విజిళ్లు.

అప్పుడైనా వెళ్లాలి. కాళ్లు కదల్లేదని రాసుకోవచ్చు గానీ అది నిజం కాదు. కాళ్లు బాగానే ఉన్నాయి. ఇప్పుడు వెళ్తే ఇంతసేపూ ఎందుకు ఉన్నావంటారని ఒక ఆలోచన, ఇంకాస్తసేపు చూడాలని ఇంకో ఆలోచన. డోషా బట్టలతోనే దూకింది. పైకి తేలి, గాలి పీల్చి, మళ్లీ మునిగింది. పెద్దవాళ్లంతా, వంటింటి ముందుభాగంలో ఉన్నవాళ్లూ తోటపనివాళ్లూ ఆఫీసువాళ్లూ, నీళ్లలో దిగి చేతులు గొలుసుగా పట్టుకుని నడుములోతున కాళ్లతో అడుగు తడుముతూ నడవడం మొదలుపెట్టారు. ఎవరి పక్కన ఎవరున్నారో ఎవరూ చూసుకోలేదు. ట్వైలా మూడో రొట్టె తింటూ, ఏమైంది ఓజెల్లా అని అడిగింది. నేను కిటికీలోంచి చూపు తిప్పలేదు.

అప్పుడు వెర్నీస్ కనిపించింది. పిల్లలందరినీ ఒడ్డుకి తోలేశారు. అది మాత్రం నీళ్లలోనే, జంట కోసం ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే పెట్టుకుని నిలబడి ఉంది. దించమని దానికి ఎవరూ చెప్పలేదు. ట్రెడ్‌వే బూట్లతోనే నీళ్లలోకి వెళ్లి దాని భుజాలు పట్టుకుని కుదిపేస్తూ, ఎక్కడ వదిలేశావ్, ఏం చేశావ్ దాన్ని అని అరుస్తున్నాడు. ఒడ్డున తెల్లపిల్లలంతా వెర్నీస్‌నే చూస్తున్నారు. నేను డోషా ఒక్కదాన్నే చూస్తూ కూర్చున్నాను ఇంతసేపూ. ఈ పిల్ల ఒకతి ఉందని నాకు తట్టనే లేదు.

ట్వైలా రెక్క పట్టుకుని పరుగెత్తాను. "ఇదిగో, ఇక్కడుంది, ఇక్కడుంది" అని అరుచుకుంటూ ఒడ్డుకి వెళ్లాను. ఎవరో ఏడ్చారు, ఎవరో నన్ను కౌగలించుకున్నారు, ఆఫీసు గుమాస్తా అనుకుంటాను, అప్పటిదాకా నా చెయ్యి తగలకుండా కంచం అందుకునే మనిషి. ఎక్కడ దొరికిందన్నారు. వంటింటి వెనకకి ఇప్పుడే వచ్చింది అన్నాను. ఆ ఇప్పుడే అన్న మాట నా నోట్లోంచి ఎంత సునాయాసంగా వచ్చిందో.

డోషా నీళ్లలోంచి పైకొచ్చింది. ముక్కులోంచి రక్తం కారుతోంది, పెదాలు నీలంగా ఉన్నాయి. తిన్నగా ట్వైలా ముందు మోకాళ్ల మీద కూర్చుని దాని చేతులూ చెంపలూ తడిమి చూసింది. పిల్ల చేతిలో కొరికిన రొట్టెముక్క ఇంకా ఉంది.

"ఎన్ని తిన్నావు తల్లీ?" అని మెల్లగా అడిగింది.

"మూడు" అంది ట్వైలా.

నా రొట్టెలు అరచేయంత ఉంటాయి. ఆ సంగతి డోషాకి చిన్నప్పటి నుంచీ తెలుసు. తల ఎత్తి నన్ను చూసింది. కోపంగా చూసినా బాగుండేది. ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత లేచి వెర్నీస్ దగ్గరికి వెళ్లి, ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించి, ఎత్తుకుని ఒడ్డుకి తెచ్చింది.

గంటలో ట్వైలా తండ్రి కారు గేటు దగ్గర ఆగింది. ఆఫీసులో డోషా ఒక్కతే వాళ్ల ముందు నిలబడింది. అంతకుముందు విజిల్‌కి లెక్క నేనే తప్పు పెట్టాను, పిల్ల పైకి రావడం చూడలేదు, బిళ్ల తిప్పించడం నా పని, తప్పు నాది అని చెప్పింది. వంటింటి మాట ఎత్తలేదు. సాయంత్రం బస్సుకి వెళ్లిపొమ్మన్నారు.

నేను దాని గదికి వెళ్లాను. మంచం మీద పెట్టె తెరిచి బట్టలు మడతపెడుతోంది. తడిజడలు వీపు మీద ఇంకా కారుతున్నాయి. నీ తప్పని ఎందుకు చెప్పావే అన్నాను.

"ఎంతసేపుందక్కా నీ దగ్గర?"

తెలీదన్నాను.

"నాకు తెలుసు. పదకొండుసార్లు మునిగాను. మునిగినప్పుడల్లా ఆ పిల్ల జుట్టు చేతికి తగులుతుందేమోనని చచ్చాను." ఒక గౌను మడిచి పెట్టెలో పెట్టింది. "నిన్ను కాపాడాననుకోకు. మన మనిషి తెల్లపిల్లని వంటింట్లో దాచిపెట్టిందని బయటికొస్తే ఏమవుద్దో నీకు చెప్పాలా? శిబిరం మూస్తారు. అక్కడితో ఆగరు, నిప్పు పట్టుకుని మన చర్చి దాకా వస్తారు. నా లెక్క తప్పిందంటే నేనొక్కదాన్నే పోతాను."

తలుపు పట్టుకుని నిలబడ్డాను. పెట్టె మూసి, మెడలోంచి విజిల్ తీసి మంచం మీద పెట్టింది.

"ఇది నీకిమ్మని వాళ్లకి చెప్పాను. మనవాళ్ల పిల్లలు పద్దెనిమిది మందున్నారు ఇంకా. రేపటి నుంచి ఒడ్డున మనవాళ్లెవరూ లేకపోతే ఒక్కరూ దిగరు. నేర్పడం నీకొచ్చు. నాకు నేర్పింది నువ్వేగా." పెట్టె అందుకుని నన్ను దాటుకుని వెళ్తూ అంది, "లెక్క మాత్రం సరిగ్గా పెట్టు."

తప్పిపోయిన పిల్లని కనిపెట్టిన మనిషిని నేను. ట్వైలా తల్లి నాకు బుట్టెడు పీచ్ పళ్లు పంపింది. ట్రెడ్‌వే నాకు విజిల్ ఇచ్చి, ఆ సంచీ పరీక్ష మాట కూడా ఎత్తలేదు. మర్నాటి నుంచి నేను మిస్ ఓజెల్లా అయ్యాను. తెల్లపిల్లల నోటి వెంట ఆ మాట మొదటిసారి విన్నప్పుడు, సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు ఆనందమేసింది. ఆ రోజు తర్వాత మళ్లీ అంత ఆనందం వేయలేదు. ఆగస్టులో బోర్డు కూర్చుని శిబిరాన్ని కలిపే ఉంచింది, నాలుగు ఓట్ల తేడాతో. పొరపాటు చేసిన మనిషిని వెంటనే పంపేశారు గనక ఒడ్డు భద్రంగా ఉందని రాసుకున్నారు.

వెర్నీస్ మర్నాడే ఇంటికి వెళ్లిపోయింది. ఇప్పుడు బడిలో లెక్కల టీచరు. చర్చి వాళ్లం అందరం వేసవిలో నది ఒడ్డుకి భోజనాలకి వెళ్తే బూట్లు విప్పకుండా ఇసుక మీదే నిలబడుతుంది. దాని పిల్లలు రమ్మని చెయ్యి పట్టుకుని లాగుతారు. రాదు.

డోషా మరుసటి ఏడు కౌంటీలో స్కూలు బస్సు తోలే పనిలో చేరింది. అక్కడా నేను ఏడ్చాను, చూడండి నా బతుకు. సరస్సు నాదే, విజిల్ నాదే, అయినా మధ్యాహ్నం మూడింటికి ఆ పసుపుపచ్చ బస్సు మా వీధి మలుపు తిరిగితే, కిటికీల్లోంచి పిల్లలంతా దాని కోసం పాడే పాటలు విని నా కడుపు మండేది. రాత్రిళ్లు దానికి నిద్ర పట్టేది, నాకు పట్టేది కాదు. చర్చి విందుల్లో అన్ని గిన్నెల్లోంచీ వడ్డించుకునేది, అందరి వంటా మెచ్చుకునేది. నా రొట్టె మాత్రం ఏనాడూ ముట్టలేదు. పళ్లెం ముందుకు వస్తే, చాలక్కా అని పక్కవాళ్లకి అందించేది. ఇరవై రెండేళ్లు. ఎవరూ గమనించలేదు, నేను తప్ప.

జూన్ మొదటి రోజు మా చుట్టుపక్కల పల్లెల పిల్లల్ని శిబిరానికి తెచ్చే బస్సు దానిదే. పిల్లల్ని దింపి వెళ్లిపోవచ్చు. వెళ్లేది కాదు. మొదటి ఈత గంట అయ్యేదాకా కంచె అవతల, చేతులు కట్టుకుని నిలబడేది. నేను విజిల్ ఊదగానే చేతులన్నీ జంటలుగా లేచేవి. నేను లెక్కపెట్టేదాన్ని. కంచె దగ్గర డోషా పెదాలు కూడా కదిలేవి. నా లెక్క ముగిశాక, దాని లెక్క ముగిశాక, తల ఒక్కసారి ఊపి బస్సెక్కేది. మొదటి రెండేళ్లు అది చూసి ఒంటికాలి మీద లేచాను లోలోపల. నా ఒడ్డున నా లెక్క సరిచూడ్డానికి ఇదెవత్తె అనుకున్నాను. తర్వాత తర్వాత, అది తల ఊపేదాకా నేను చేతులు దించమనే రెండో విజిల్ ఊదడం మానేశాను.

ఈ జూన్‌లో పిల్లల్ని ఇంకెవరో కుర్రాడు దింపి వెళ్లాడు. నలభై నాలుగు ఎర్రబిళ్లలు. విజిల్ ఊదాను, చేతులు లేచాయి, లెక్కపెట్టాను, సరిపోయింది. అలవాటుగా కంచె వైపు చూశాను. పిల్లలు చేతులు ఎత్తినట్టే పెట్టుకుని నన్ను చూస్తున్నారు, నొప్పెడుతోంది మిస్ ఓజెల్లా అని ఎవరో అన్నారు. కాసేపు ఆగండమ్మా అన్నాను. డోషా లేదు గనక నేనే మొదటి నుంచి ఇంకోసారి లెక్కపెట్టాను.